నడిమి తొట్టి ఎర్రబడింది

ఎండ రెండో రోజు. గాలి నిల్వ: ఆరు రోజులు.

హైమా, ముందు నీ మాట ఒకటి దిద్దాలి. పొద్దున రేడియోలో నువ్వన్నది ఇది: "ఎర్రబడితే చచ్చినట్టే అమ్మమ్మా. నువ్విచ్చిన నాచు సీసా కూడా మా కిటికీలో అలాగే ఎర్రబడి చచ్చిపోయింది." ఆ ఒక్క ముక్కలో రెండు తప్పులున్నాయి. నడిమి తొట్టి చావలేదు. సీసాను నేను చూడలేదు కాబట్టి దాని చావు ఖాయం చేసే హక్కు నాకు లేదు. చూసినా గుర్తుపట్టలేవు కాబట్టి నీకూ లేదు. చచ్చిన నాచు తెల్లబడుతుంది. ఎర్రబడదు.

ఇది తొట్ల దినచర్య పుస్తకమని, ఇందులో రాసిందంతా ఏ రోజుకారోజు కేంద్రానికి చేరుతుందని, మీ గాలి విభాగంలో పదిమంది చదువుతారని నాకు తెలుసు. అధికారిక పుస్తకంలో మనవరాలిని మందలించకూడదన్న నిబంధన ఉందేమోనని వెతికాను. లేదు.

మిగతా తొమ్మిదిమంది కోసం కొంచెం వివరంగా రాస్తాను. మా ఊరిని గొయ్యి అంటారు, ఎందుకంటే అది గొయ్యే, చంద్రుడి నేలలో. ఇందులోకి ఎండ నెలకు ఏడు రోజులే దిగుతుంది. మిగిలిన ఇరవై రెండు రోజులూ దీపాలు. రోజంటే గడియారం రోజు. చంద్రుడి రోజుతో లెక్కేస్తే డెబ్భై ఒకటి దాటిన నాకింకా మూడేళ్ళు నిండలేదు. మేము నలభై ఆరుగురం, మాకు మూడు నాచు తొట్లు. పెద్దదీ నడిమిదీ మాకు ఊపిరి ఇస్తాయి. చిన్నది తోడు తొట్టి. పెరుగుకి తోడు దాచుకున్నట్టు అందులో నాచు దాచుకుంటాం. నలభై ఏళ్ళ కిందట భూమి మీది ఉప్పు కొఠార్ల నుంచి ఇక్కడికొచ్చిన కుటుంబాలు ఉప్పునీళ్ళలో బతికే ఈ నాచును గాజు సీసాల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాయి.

నిన్న ఉదయం సూర్యుడు గోతి అంచు దాటాడు. అద్దాల కప్పు మీద మీరు నీడకని బిగించిన కొత్త ఇనుప రెక్కలు ఠంచనుగా ఒక్క నిమిషంలో పూర్తిగా తెరుచుకున్నాయి. గంట తర్వాత సగం మూసుకోవాలి. మూసుకోలేదు. గాడిలో ధూళి పట్టేసింది. బయటి పనులు చూసే అప్పన్న సూటు వేసుకుని వెళ్ళి చూశాడు. ఆ సందులో చేతొడుగు దూరదు.

ఇరవై రెండు రోజులు గుడ్డి దీపాల కింద ఉన్న నాచు, దొరికిన కాస్త వెలుగూ వదలకూడదని ఒళ్ళంతా పచ్చదనం పెంచుకుని కూర్చుంటుంది. దాని నెత్తిన నిమిషంలో ఎండ కుమ్మరించారు. పెద్ద తొట్టి మధ్యాహ్నానికి బియ్యం కడిగిన నీళ్ళలా అయింది. వెంటనే కేంద్రం నుంచి ఆదేశం: కడిగి, తోడు తొట్టిలోది తెచ్చి పెద్దదాంట్లో పోయండి. కింద నీ సంతకం. నేను స్నానానికి వెళ్ళిన అరగంటలో మన గురునాథం ఆ ఆదేశం పాటించేశాడు. సాయంత్రానికి అదీ తెల్లబడింది. తోడు తొట్టి ఇప్పుడు ఖాళీ.

మిగిలింది నడిమి తొట్టి ఒక్కటే. దాని మేత గొట్టం పూడుకుపోయి పదిరోజులైంది. బాగు చెయ్యమని మూడుసార్లు రాశాను. సింహాచలం "రేపు" అంటూ వచ్చింది. (మీ కోసం: సింహాచలం ఆడమనిషి. తొట్ల మరమ్మతులన్నీ ఆమెవే.) మేత తగ్గిన నాచు ఎదగడం మానేసి, గట్టి రోజుల కోసం ఎరుపు కూడబెట్టడం మొదలుపెడుతుంది. ఆ సగం ఎరుపే దాన్ని నిన్న నిలబెట్టింది. సింహాచలం బద్ధకానికి ఇన్నాళ్ళకి ఒక ప్రయోజనం కనిపించింది.

ఈరోజు నడిమి తొట్టి దోరమాగిన టమాటా రంగులో ఉంది. మన అవసరంలో మూడోవంతు గాలి ఇస్తోంది. మీ రంగుల కార్డు ప్రకారం దాన్ని ఇరవై నాలుగు గంటల్లో ఖాళీ చేయాలి.

ఖాళీ చేయను.

ఎండ మూడో రోజు. నిల్వ: అయిదున్నర.

గురునాథం పొద్దున్నే వచ్చాడు. గోతికి పెద్ద కాబట్టి వచ్చినప్పుడల్లా ముందు గొంతు సవరించుకుంటాడు. "అత్తా, జనం బయపడతన్నారు. నీళ్ళు నెత్తుర్లాగున్నాయంతన్నారు. కేంద్రం కాయితం ఖాళీ సెయ్యమంతంది. నువ్వొద్దంతన్నావు. నానెవుల మాటినాలి?"

"నువ్వు ఎవరి మాటా వినొద్దు నాయనా. కన్నుపెట్టి చూడు."

ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. వంగి ఒక కన్ను మూశాడు. మూయాల్సిన కన్ను కాదు. చెప్పాను. మార్చాడు.

"ఎర్ర పూసలున్నాయత్తా."

"ఊఁ. ఇంకాసేపు చూడు."

కాసేపు ఊపిరి బిగపట్టాడు. ఈ వారం అందరూ చెయ్యాల్సిన పనే. ఉన్నట్టుండి వెనక్కి తగ్గి నా మొహం చూశాడు. "ఈత కొడతన్నాయత్తా!"

"శవాలు ఈత కొట్టవు కదా?"

"కొట్టవు."

"కేంద్రం వాళ్ళు కార్డు అచ్చు వేశారు కానీ చుక్క తీసి చూడలేదు. మీ తాత ఉప్పు మడి మీద నిలబడి, నీళ్ళు ఎర్రబడితే ఏమనేవాడు?"

గురునాథం ఇక్కడ పుట్టినవాడు. ఉప్పు మడి చూడలేదు. కానీ తాత మాటలు విన్నాడు. "ఎర్రనీరు పడ్డాది, ఇంక ఉప్పు కడతాదీ అనీవోడట."

"ఆ ఎర్రనీరు ఇదే."

బయటికెళ్ళి జనానికి ఏం చెప్పాడో గానీ, మధ్యాహ్నం దాకా ఒక్కొక్కరూ వచ్చి చుక్కలో చూసి వెళ్ళారు. ఆయాసం వచ్చే పనులన్నీ ఆపించాను. పిల్లల పరుగులు బంద్. గురునాథం ఉపన్యాసాలు బంద్.

తర్వాత నువ్వు రేడియోలో దొరికావు. ఆ సంభాషణ కూడా పుస్తకంలో ఉండాలి.

"అమ్మమ్మా, కార్డులో ఎరుపు గడికి ఎదురుగా ఏముందో చదువు."

"'ఖాళీ చేయవలెను' అని ఉంది. రాసినవాడికి వ్యాకరణం వచ్చు. నాచు రాదు."

"రాసింది మా డైరెక్టరు."

"ఆయనకి నా నమస్కారాలు చెప్పు."

నువ్వు నవ్వలేదు. "నలభై ఆరు మందమ్మమ్మా. నిల్వ రెండు రోజులకు దిగితే బండి పంపాల్సిందే. ఇక్కణ్ణుంచి అక్కడికి రెండు రోజుల దారి. ఆ బండి మనుషుల్ని తేగలదు, సిలిండర్లు మోయలేదు. అందరినీ ఇక్కడికి తెచ్చి గొయ్యి మూసేస్తారు. మళ్ళీ తెరవరు. నువ్వు పొరబడితే?"

"పొరబడితే నువ్వు బండి పంపుతావు, గొయ్యి మూస్తారు. నీ మాట విని తొట్టి ఖాళీ చేస్తే నాలుగు రోజుల్లో అదే జరుగుతుంది. తోడు కూడా లేదు, దేంతో మళ్ళీ మొదలుపెట్టను? నీ దారిలో ఓడిపోవడం ఖాయం. నా దారిలో అనుమానం. నాకు అనుమానమే నయం."

"ఎరుపు ఎందుకు మంచిదో రాసి పంపు. నేను వాళ్ళతో వాదించాలి." కేంద్రాన్ని అక్కడ 'వాళ్ళు' అన్నావు. నేను గమనించలేదనుకోకు.

ఇదిగో, రాస్తున్నాను. ఎండ ఉన్నట్టుండి పెరిగితే నాచు రెండు పనులు చేస్తుంది. మొదటిది నిమిషాల్లో అవుతుంది. ఒంట్లో ఉన్న పసుపు రంగుల్లో ఒకటి రూపం మార్చుకుని, పట్టిన వెలుగులో మిగులును వేడిగా బయటికి వదిలేస్తుంది. పాలు పొంగేటప్పుడు మూత పక్కకు జరిపినట్టు. కానీ పొయ్యి మీద కొండంత మంట పెడితే మూత జరిపి ఏం లాభం? అందుకని రెండో పని. దానికి రోజులు పడుతుంది. ఎర్రటి నూనె బొట్లు తయారుచేసి పచ్చదనానికి అడ్డంగా పేర్చుకుంటుంది. క్యారెట్‌లో ఉండే రంగే అది. ఎండ ముందు ఆ బొట్ల మీద పడుతుంది, చల్లారిన వెలుగు లోపలికి వెళ్తుంది. గొడుగు వేసుకుని పని చేసుకుంటున్న మనిషి, అంతే. పని నెమ్మదిస్తుంది. మనిషి బతుకుతుంది.

ఆ గొడుగు లేకపోతే ఏమవుతుందో పెద్ద తొట్టిలో చూశాం. పచ్చదనం పట్టలేనంత వెలుగు పడితే, దాని పక్కనే ఉన్న ప్రాణవాయువు మండిపడి దాన్నే కాల్చేస్తుంది. మనం దేన్ని పీల్చి బతుకుతున్నామో అదే. ఈ వయసులో కూడా నాకు ఈ విషయం రాసేటప్పుడు కొంచెం భయం వేస్తుంది.

కాబట్టి నా పథకం చిన్నది. ఎండ పోయేదాకా ఇంకో నాలుగు రోజులు దాన్ని ఎర్రగా, ఆకలిగా, ఎవరూ ముట్టకుండా ఉంచాలి. దీపాల కిందికి వచ్చాక మేత పెట్టాలి. అప్పుడు పచ్చబడుతుంది.

ఆ సీసా పారేశావా అని రేడియోలో అడిగాను. జవాబు రాలేదు.

ఎండ నాలుగో రోజు, ఉదయం. నిల్వ: అయిదు.

నిద్ర లేచేసరికి తొట్టి దగ్గర చప్పట్లు వినిపించాయి. వెళ్ళేసరికి పదిహేనుమంది ఉన్నారు. అప్పన్న కూతురు పళ్ళన్నీ బయటపెట్టి, "పంతులమ్మగారూ, పచ్చబడింది!" అంది.

నిజమే. గట్టు వెంబడి లేతగా ఆకుపచ్చ. గాలి మీటరు కూడా పైకి జరిగింది. మూడోవంతు కాదు, సగం అవసరం తీరుతోంది. అందరూ నా మొహంలో సంతోషం వెతుకుతున్నారు.

నాకు మాత్రం ఆ పచ్చదనం నచ్చలేదు. నేను ఎవరినీ అడగలేదు. మేత బక్కెట్ల వైపు చూశాను. రెండు బోర్లించి ఉన్నాయి, తడిగా.

సింహాచలం చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "నానే ఏసినాను పంతులమ్మా. గొట్టం బాగు సేసినాను. రెండు బక్కెట్లు పోసినాను. పదిరోజులు నా వల్లే కదేటి దానికి తిండి నేదు. ఆకలికి అలగైపోనాదనుకున్నాను. జబ్బు మనిసికి మనం గంజి పోయమేటి?"

ఏమని తిట్టను? ఈ గోతిలో పుట్టిన ప్రతి ఒక్కరూ చేసే పొరపాటే అది. మా వాళ్ళకి నాచు వస్తువు కాదు. పొద్దున లేచి పలకరిస్తారు. పిల్ల పుడితే ముందు తొట్టికి చెబుతారు. అలాంటిది పదిరోజులు పస్తుపెట్టానన్న బాధతో ఆమె నిద్రపోలేదు. నేను నిన్న వచ్చినవాళ్ళందరికీ చుక్క చూపించాను, ఎరుపు మంచిదని చెప్పాను. మేత పెట్టొద్దని మాత్రం పుస్తకంలో నీకు రాశాను, బక్కెట్లు పట్టుకునే మనిషికి చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. ఆఖరి బెంచీని మరిచిపోయాను.

"ఇది కోలుకోవడం కాదే," అన్నాను. "తిండి దొరికింది కదా, ఎదగడం మొదలుపెట్టింది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఉన్న ఎరుపును అన్నీ పంచుకోవాలి. నడి ఎండలో గొడుగు చింపి నలుగురికి తలా ముక్క ఇచ్చినట్టు."

చప్పట్లు ఆగిపోయాయి.

"మరేటి సేద్దాం?" అంది సింహాచలం.

ఎండ ఇంకా మూడు రోజులు పైన ఉంది. పోసిన మేత వెనక్కి తీయలేం. ఎరుపు మళ్ళీ కూడబెట్టుకునే వ్యవధి దానికి లేదు. మిగిలింది ఒకటే. దాని గొడుగు పోయింది కాబట్టి మనం పట్టాలి.

ఎండ నాలుగో రోజు, సాయంత్రం.

ఇక్కడ నా తప్పు రాసుకోవాలి, ఎందుకంటే ఈ పుస్తకంలో నీ తప్పులు చాలా రాశాను.

రెక్కలు రాకముందు కప్పు కింద గుడ్డ తెరలు ఉండేవి. పలచది, మధ్యరకం, దళసరి, మూడు వరసలు. ఎండ వచ్చే రోజున ఇద్దరు తాడు పట్టుకుని గంటకు జానెడు చొప్పున జరిపేవాళ్ళు. పూర్తిగా తెరవడానికి రెండు రోజులు పట్టేది. దాన్ని జానెడు తెర అనేవాళ్ళం. ఇద్దరి పని, విసుగు పని. ఆ జానెడు ఎందుకో మాకు తెలుసు. మీ రెక్కల నమూనాలో ఆ జానెడు లేదని నేను చూడాల్సింది. స్వీకరించినట్టు సంతకం పెట్టింది నేనే. మనవరాలు గీసిన రెక్కలు కదా అని కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. తెరలు విప్పించి పంతొమ్మిది ఇళ్ళకీ గుడ్డ పంచింది కూడా నేనే. నా వంతు దళసరి గుడ్డతో బొంత కుట్టుకున్నాను. బాగా నిద్రపట్టేది.

మధ్యాహ్నం ఆ బొంత కుట్లు విప్పి ముందు నేనే పట్టుకొచ్చాను. తర్వాత ఇల్లిల్లూ తిరిగాం. ఉయ్యాల గుడ్డ వచ్చింది, లోపలి పిల్లను భుజాన వేసుకుని తల్లి తెచ్చింది. దేవుడి గూటి ముందు తెర వచ్చింది. రెండు లంగాలు, ఒక సంచీ, అప్పన్న సూటు లోపల తొడుక్కునే బనీను. గురునాథం తన గది గుమ్మానికి వేసుకున్న తెర దగ్గర తటపటాయించాడు.

"అత్తా, అది ఆఫీసు తెర."

"ఆఫీసు ఉండాలంటే ఊరుండాలి కదా నాయనా."

తనే విప్పి ఇచ్చాడు.

పాత తెరల కడ్డీలు లేవు, అల్మరాలకు వాడేశాం. గొట్టం నుంచి గొట్టానికి తాళ్ళు కట్టి గుడ్డలు పరిచాం. సింహాచలం కోతిలా పైకెక్కి ముడులు వేసింది. దిగమన్నా దిగదు. "నా సేత్తో పోసినాను, నా సేత్తోనే కడతాను" అంది. సాయంత్రానికి మూడు వంతులు కప్పాం. వేరే వాటి కోసం కత్తిరించేసిన గుడ్డ కదా, నాలుగో వంతుకి చాలలేదు. కట్టడానికి తాళ్ళూ అయిపోయాయి.

మీటరు ఇప్పటికే దిగుతోంది. నడుమ నీళ్ళు పాలిపోతున్నాయి.

ఎండ అయిదో రోజు. నిల్వ: మూడున్నర.

ఒక్క రోజులో ఒకటిన్నర పోయింది. తొట్టి ఉదయమంతా దాదాపు ఏమీ ఇవ్వలేదు. కప్పు కింద పనిచేసినవాళ్ళు పీల్చింది అదనం.

నాలుగో వంతుకి మనుషులే తెర. గట్టు చుట్టూ, మధ్య పలక మీద, తొమ్మిదిమంది చొప్పున దుప్పట్ల కొనలు పట్టుకుని చేతులెత్తి నిలబడుతున్నారు. గంటకో జట్టు. ఇక్కడ బరువు ఆరోవంతే కాబట్టి తేలికని మీరు అనుకుంటారు. దుప్పటి తేలికే. అద్దాల కప్పు కింద వేడి మాత్రం తక్కువ కాదు. మాట్లాడవద్దని చెప్పాను. ఎవరూ మాట్లాడటం లేదు. తొమ్మిదిమంది మన వాళ్ళు గంటసేపు మౌనంగా ఉండటం ఈ గోతి చరిత్రలో ఇదే మొదలు.

చుక్క తీసి చూశాను. వందలో నలభై కదలటం లేదు. తక్కినవి ఈదుతున్నాయి, నెమ్మదిగా, తిన్నగా కాదు. వాటిలో ఎరుపు ఉంది. తక్కువే, కానీ ఉంది.

నువ్వు పిలిచావు. "అమ్మమ్మా, బండి సిద్ధం చేశారు. రెండుకి దిగగానే బయల్దేరుతుంది. నేనే వస్తున్నాను దాంట్లో."

"వచ్చి ఏం చేస్తావు?"

"మిమ్మల్ని ఎక్కిస్తాను." కాసేపు గరగరలు. "రెక్కలు ఒక్క నిమిషంలో తెరిచేలా పెట్టింది నేనేనమ్మమ్మా. రెండు రోజులంటే వాళ్ళు నవ్వుతారనుకున్నాను. గంటకు జానెడు అంటే కొలత ఏమిటని అడుగుతారనుకున్నాను. నువ్వు తాడు లాగుతుంటే పక్కన కూర్చుని చూసినదాన్నే."

ఇది విని నేను గట్టిగా తిడతాననుకున్నావు. తిట్టడానికి ఊపిరి ఖర్చవుతుంది. నిల్వ మూడున్నర ఉంది.

"జానెడంటే నా చెయ్యి. తొమ్మిది అంగుళాలు. రాసుకో," అన్నాను.

ఎండ ఏడో రోజు. నిల్వ: రెండున్నర.

నిన్న రాయలేదు. నిన్న నేనూ రెండు జట్లలో నిలబడ్డాను. వద్దని గురునాథం గొంతు సవరించుకున్నాడు. నేనూ సవరించుకున్నాను. ఊరుకున్నాడు.

సింహాచలం ఒకసారి కళ్ళు తిరిగి గట్టు మీద కూలబడింది. నీళ్ళు తాగి, లేచి, మళ్ళీ దుప్పటి అందుకుంది.

ఈ మధ్యాహ్నం మూడు గంటల పదకొండు నిమిషాలకు సూర్యుడు గోతి అంచు వెనక్కి దిగాడు. నీడ కప్పు మీద జారుతూ వచ్చింది. అది తొట్టిని పూర్తిగా దాటేదాకా ఎవరూ చేతులు దించలేదు. దాటాక కూడా దించలేదు. నేను చెప్పాల్సి వచ్చింది.

దీపాలు సగానికి వెలిగించాం. తొట్టి రంగు చూడటానికి ఆ వెలుగు చాలదు. చుక్కలో వందకి యాభై ఈదుతున్నాయి. ఇందులో మంచి వార్త ఉందో లేదో నాకు తెలియదు. తెలియదని ఈ పుస్తకంలో ఇదివరకు నేను రాసిన గుర్తు లేదు.

దీపం ఒకటో రోజు. నిల్వ: రెండుంబావు.

ఒక బక్కెట్ మేత పెట్టాలి. ఇదే సరైన సమయం. బక్కెట్ సింహాచలం చేతికిచ్చాను. రెండడుగులు వెనక్కి వేసింది.

"నానొద్దు పంతులమ్మా. నా సెయ్యి మంచిది కాదు."

"నీ చెయ్యి మంచిదే. మొన్న పోసింది కూడా ఇదే మేత. పైన ఎండ ఉంది, అంతే తేడా. ఇప్పుడు లేదు. పొయ్యి."

పోసింది. గట్టు మీద కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టి కలిపింది. ఏదో గొణిగింది. క్షమాపణ అనుకుంటాను. వినలేదు, నాకు చెప్పింది కాదు.

నిల్వ రెండుకి పావు దూరంలో ఉంది. బండి ఇంజను వేడి చేసి ఉంచారని చెప్పావు. పిల్లలు మూటలు కట్టుకున్నారు. అప్పన్న కూతురు తన మూటలో ఖాళీ సీసా పెట్టుకుంది. ఎందుకే అంటే, "తోడు పట్టుకెళ్ళాలి కదా" అంది. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. దుమ్ము.

దీపం రెండో రోజు. నిల్వ: రెండుంబావు.

మీటరు రెండుసార్లు తట్టి చూశాను. గురునాథం మూడుసార్లు తట్టాడు. అదే అంకె.

హైమా, నిన్నా రెండుంబావు, ఈరోజూ రెండుంబావు. ఇరవై నాలుగు గంటల్లో నలభై ఆరుగురం పీల్చినంతా నడిమి తొట్టి తిరిగి ఇచ్చింది. అందరం కదలకుండా పడుకుని ఉన్నామన్నది నిజమే. పూర్తి పనికి చాలదన్నదీ నిజమే. కానీ దిగలేదు. గట్టు వెంబడి పచ్చ గీత ఉంది. ఈసారి దాన్ని చూసి నేనే చప్పట్లు కొట్టాను, మెల్లగా, రెండుసార్లు.

మీ డైరెక్టరుగారికి చెప్పు: ఎరుపు గడికి ఎదురుగా ఉన్న వాక్యం కొట్టేయమను. అక్కడ "ముట్టవద్దు. నీడ పట్టండి. ఎండ పోయేదాకా మేత పెట్టవద్దు" అని అచ్చు వేయించమను. వ్యాకరణం ఆయన చూసుకుంటాడు.

బండి రావాల్సిన పని లేదు, ఎక్కించుకుపోవడానికైతే. రెక్కలు బాగు చెయ్యడానికి ఎలాగూ వస్తావు కాబట్టి రా. పెద్ద తొట్టి ఖాళీగా ఉంది, తోడు తొట్టి ఖాళీగా ఉంది. నడిమిదాన్లోంచి ఒక్క గరిటె కూడా ఇప్పుడు తీయను. అది ఇంకా తలెత్తలేదు. వచ్చే ఎండకు ఇరవై రోజులే ఉంది. ఈలోగా మరో చోటి నుంచి తోడు కావాలి.

నిన్న నువ్వు చివరికి జవాబిచ్చావు. సీసా పారేయలేదట. కప్పుల వెనక, వంటింటి కిటికీలో, అడుగున ఇటుక రంగు పొరలా ఉందట, ఏడాదిగా. కేంద్రం కిటికీలో ఎండ ఎంత గట్టిదో నాకు తెలుసు. మేత లేదు, నీడ లేదు, పలకరించేవాళ్ళు లేరు. అయినా తెల్లబడలేదు. ఎర్రబడింది. అంటే ఏడాదిగా గొడుగు పట్టుకుని నీ కోసం కూర్చుని ఉంది.

కాబట్టి బయల్దేరే ముందు ఈ చిన్న పని చెయ్యి. సీసా కడగకు, కుదపకు. గోరువెచ్చని ఉప్పునీళ్ళు ఒక గ్లాసు, లీటరుకు గుప్పెడు ఉప్పు లెక్కన కలిపి, నెమ్మదిగా అంచు వెంబడి పొయ్యి. మేత వెయ్యకు. నూలుగుడ్డ మూడు మడతలు చుట్టు. బండిలో కిటికీ పక్కన కాదు, నీ సీటు కింద పెట్టు. దారిలో పదహారు గంటలకోసారి ఒక్క మడత విప్పు, ఒక్కటే. నీకు తొందరెక్కువ, గడియారం పెట్టుకో. వచ్చేటప్పుడు తెరలకు ఇత్తడి రింగులు కావాలి, అరవై నాలుగు. గురునాథం గుమ్మానికి వేరే గుడ్డ రెండు గజాలు తీసుకురా, ఏ రంగైనా ఫరవాలేదు, ఎరుపు మాత్రం వద్దు. జనం హడలిపోతారు.